క్రిమ్మెల్బీల మూలపురుషుడు

యార్క్‌షైర్ ప్రజలకు తెలియజేయడమేమనగా, ఇంగ్లండు మొత్తమ్మీద క్రిమ్మెల్బీ అనే ఇంటిపేరు ఒక్క మనిషికే మిగిలింది. ఆమే నేను పెళ్లాడదామనుకున్న విన్నీ.

"నిన్ను చేసుకుని స్మిత్‌నైతే మా పేరు నాతోనే పోతుంది. పెళ్లి వద్దులే నార్మన్," అంది.

మర్నాడు చర్చి రిజిస్టరు తిరగేసొచ్చానని చెప్పాను. "మీ మూలపురుషుడు పందుల దొంగట. మీ పేరుకి అర్థం కూడా అదేనట. ఇంకా పట్టుకు వేలాడతావా?"

విన్నీ పడీపడీ నవ్వింది. "మావాళ్లంతా ఉప్పూకారం లేని మనుషులనుకున్నానయ్యా. ఇంత ఘనమైన పేరు వదులుతానా? నువ్వే మార్చుకో. స్మిత్‌లలో ఒకడు తగ్గితే దేశానికొచ్చే నష్టమేం లేదు."

మార్చుకున్నాను. ఇప్పుడు క్రిమ్మెల్బీలం ఇద్దరం. మా తలుపు మీద పంది బొమ్మ చెక్కించింది. పబ్బులో నన్ను "రారా దొంగా" అంటున్నారు.

ఆ రిజిస్టరు నేను తెరవనే లేదు. మా మూలపురుషుణ్ణి పుట్టించింది నేనే.