తీతువు గూట్లో తెల్ల ఈక

చెరువు గట్టు మీద పాముల పెత్తనం సాగుతున్న రోజుల్లో కొండ అవతలి నుంచి వాటి మీదికి గద్దల దండు దిగింది. పాములు ఏ పొదల్లో దాక్కుంటాయో గద్దలకు తెలియదు. నేల మీద గుడ్లు పెట్టుకునే తీతువు పిట్ట ఆ పొదల మీద తిరుగుతూ అరిచి చూపించేది. అందుకు గద్దలు దాని గూట్లో ఒక తెల్ల ఈక పెట్టాయి.

"ఈ ఈక ఉన్న గూటిని మేం ఎన్నటికీ మరిచిపోం" అన్నాయి.

ఏళ్ళు గడిచినా పాముల పీడ పోలేదు. యుద్ధం చెడింది నీ వల్లంటే నీ వల్లని గద్దలు రెండు జట్లై పొడుచుకున్నాయి. ఒక పొద్దున అన్నీ లేచి కొండ వైపు వెళ్ళిపోయాయి.

తీతువు తన గుడ్ల మీద ఆ ఈక కప్పి కొండకు ఎగిరింది.

"మా గూడు కూడా తీసుకుపోండి బాబూ" అని బతిమాలింది.

"ఈక ఇచ్చింది వాళ్ళు, వాళ్ళనే అడుగు" అంది ఒక జట్టు.

"ఇప్పుడు పెత్తనం మాది కాదుగా" అంది రెండోది.

తిరిగొచ్చేసరికి గూట్లో పాము చుట్ట చుట్టుకుని ఉంది. గుడ్లు లేవు. ఈక మాత్రం తెల్లగా మెరుస్తోంది.

"గట్టంతా వెతికే పని తప్పించావు" అంది పాము. "ఈక ఉన్న గూటిని మేం మరిచిపోలేదు."