సగం మాత్ర

"తాతకి బీపీ మాత్ర రోజూ ఏస్తన్నావా, మామ్మా?" అని నర్సు మెర్సీ అడిగితే, కొర్లమ్మ "ఊఁ" అంది. నిజం చెప్పడానికి నోరు రాలేదు. మొగుడూ పెళ్లాలిద్దరికీ బీపీయే. సముద్రంలో చేపల వేట ఆపేసే రెండు నెలలూ చేతిలో డబ్బాడక, ఒక్క మాత్రనే కత్తిపీట మీద కోసి సగం మొగుడు పోతురాజుకి పెట్టి, సగం తను మింగింది. ఈ రాత్రి కళింగపట్నం నుంచి ఆటోలో ఆసుపత్రికి తెచ్చేసరికే అతనికి మాట పడిపోయింది.

మెర్సీ బీపీ చూసే పెట్టె తెరిచి, అతని చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. పాదరసం రెండొందల ఇరవై దగ్గర ఎగిరింది. పట్టీ ఊడదీసి మంచం మీద పడేసి, డాక్టరు కోసం పరుగెత్తింది.

వార్డంతా నిశ్శబ్దం. కొర్లమ్మ పెట్టె వంక చూసింది. పట్టీలో ఎవరి చెయ్యీ లేదు. అయినా పాదరసం దిగలేదు. అక్కడే, చప్పుడు లేకుండా ఎగురుతోంది.

మొగుడి మణికట్టు పట్టుకుంది. నాడి లేదు. తన మెడ మీద వేలు పెట్టుకుంది. పాదరసం ఎగిరినప్పుడల్లా వేలి కింద నరం ఎగిరింది.

"మావా, లెగు మావా! తప్పు నాదే."

పట్టీని మళ్లీ అతని చేతికి చుట్టింది.

"ఇదీ సగం తీసుకో, మావా."

పాదరసం ఒక్కో గీతే దిగసాగింది. పోతురాజు వేళ్లు కదిలి ఆమె చేతిని పట్టుకున్నాయి. సగానికి, నూట పది దగ్గర ఆగుతుందనుకుంది.

ఆగలేదు. ఇంకా దిగుతోంది. దాంతో పాటే ఆమె మెడలో నరం మెల్లబడుతోంది. అతని పట్టు బిగుస్తోంది.