కొత్త ఎమ్మెల్యే పాత మాట

నాయకులతో విసిగిపోయిన జనం ఎమ్మెల్యే కుర్చీలో మరమనిషిని కూర్చోబెట్టారు. దాన్ని తయారుచేసింది గుంతకల్లు ఇంజనీరు భార్గవే. ఒక పొద్దున అతని ఇంట్లోనే కుళాయి ఎండిపోయింది. ఎసట్లోకి చుక్క నీళ్లు లేవు. భార్గవ దర్జాగా స్పీకరు పెట్టి మరమనిషికి ఫోన్ చేశాడు.

"మా ఇంటికి నీళ్లెప్పుడొస్తాయి?"

మరమనిషి గొంతు సవరించుకుంది. "చూద్దాం!"

భార్గవ నీరుగారిపోయాడు. పాత నాయకుల ప్రసంగాలు వినిపించి నేర్పితే ఇంతే మరి, అని సర్దిచెప్పుకున్నాడు.

"ఇన్నేండ్లు తంటాలు పడి మళ్లా ఆ పాత ఎమ్మెల్యేనే చేసినావా సామీ!" భార్య హేమలత బిందె చంకనెత్తుకుంది. "వీధిలోకి ట్యాంకరొచ్చింది. రెండో బిందె నువ్వు పట్టుకొస్తావా?"

భార్గవ కుర్చీలోంచి లేవలేదు. గొంతు సవరించుకున్నాడు.

"చూద్దాం!"

హేమలత గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓహో! దానికి నేర్పింది నాయకులు కాదన్నమాట!"