కిసుము సరస్సు మీద

నైరోబీ నుంచి కిసుముకి విమానంలో గంట కూడా పట్టదు. తెల్లారేలోగా అమ్మను చూడాలని అకోత్ ఆఖరి విమానం ఎక్కింది. కింద సరస్సులో చేపల పడవల దీపాలు కనబడితే ఊరొచ్చినట్టే. అవి కనబడి చాలాసేపయింది. ఒక్క దీపమూ వెనక్కి పోవడం లేదు. ఇంజన్ల హోరు ఎప్పుడు ఆగిందో కూడా ఆమెకు తెలియలేదు.

"అవ్వా, ఇంకా దిగదేం?" అని పక్క సీటు ముసలామెను అడిగింది.

"నువ్వు తొందరపెడితే పరిగెడుతుందటే పిల్లా? ఎవరికోసం అంత ఆత్రం?"

"మా అమ్మ కోసం. ఈ రాత్రి గడవదన్నారు."

ముసలామె బోసినోటితో నవ్వి, అకోత్ చేతిని నిమిరింది. ఆ వేళ్లు మంచులా ఉన్నాయి.

"మా అమ్మకీ అలాగే అన్నారు తల్లీ. ఈ విమానం ఎక్కేనాటికి నాదీ నీ ఈడే."