ఎడ్నా ఎరుపు

“రహస్యమేమిటో చెప్పరు. దాన్ని మావాళ్లు దొంగిలించారంటారు. ఇదెక్కడి న్యాయం, యువర్ ఆనర్? విచారణ దాకా ఎందుకు, ఈ దావాను ఇక్కడే కొట్టేయండి.”

రసెల్ థార్ప్ కూర్చున్నాడు. కొలంబస్ ఫెడరల్ కోర్టులో ఇలాంటి దావాలను ముప్పై ఏళ్లుగా మొగ్గలోనే తుంచేస్తున్న లాయరు. ఈసారి ఆయన క్లయింటు పెద్ద టైల్స్ కంపెనీ. దావా వేసింది జేన్స్‌విల్‌లో చిన్న బట్టీ నడిపే ఎడ్నా క్రోబర్. ఆమె టైల్స్ మీద మెరిసే ఎరుపు ఇంకెవరికీ వచ్చేది కాదు, ఆమె మేస్త్రీ ఈ కంపెనీలో చేరేదాకా.

ఎడ్నా తరఫున డెల్లా ఫిస్క్ లేచింది. ఆమెకు ముప్పై ఏళ్లు దాటి ఉండవు.

“ఆ ఎర్ర పూతలో ఏముందమ్మా?” అడిగాడు జడ్జి లుట్జ్.

“రాగి, బూడిద, సర్. అది ఊరందరికీ తెలుసు. ఏది ఎంత, ఏది ముందు, బట్టీని ఏ వేడి దగ్గర ఆపి ఎంత మెల్లగా చల్లార్చాలి, ఆ మూడే మావి. ఆ అంకెలు ఇప్పుడిక్కడ చదివానంటే భోజనాల వేళకి అవి రహస్యాలు కావు.”

వెనక బెంచీల్లో నవ్వులు.

“జాగ్రత్తగా దాచారా మరి?”

“సీసాల మీద పేర్లుండవు, నంబర్లే. కలిపే గది తాళంచెవి ఎడ్నాగారి మెడలోనే ఉంటుంది. గుట్టు బయటపెట్టనని మేస్త్రీ సంతకం చేసిన కాగితం జతపరిచాం. పని మానేసే ముందు ఆదివారం అతను తాళం ముట్టుకోలేదు సర్, తలుపు బందులే ఊడదీశాడు. ఆ అంకెలు రాసిపెట్టిన నోట్‌బుక్కుకు ఫొటోలు తీస్తూ గదిలోని నిఘా కెమెరాకు చిక్కాడు. ఇరవై ఏళ్లు తంటాలుపడి వదిలేసిన ఎరుపును ఆ కంపెనీ అతను చేరిన ఆరు వారాల్లో అమ్మకానికి పెట్టింది.”

థార్ప్ కలం మూత పెట్టేశాడు. ఎక్కడ సందు దొరుకుతుందా అని చూశాడు, దొరకలేదు. ఆ అమ్మాయి రహస్యం చుట్టూ ప్రదక్షిణం చేసింది గాని గడప మాత్రం దాటలేదు. ఓడిపోతున్నానని తెలిసీ ఆయనకు ముచ్చటేసింది.

“ఈ దశకు ఇది చాలు,” అన్నాడు జడ్జి. “థార్ప్‌గారూ, మీ పిటిషన్ కొట్టేస్తున్నాను. కేసు నడుస్తుంది.”

వరండాలో థార్ప్ డెల్లాను వెతుక్కుంటూ వెళ్లి చెయ్యి చాచాడు.

“నీ చోట నేనుంటే ఆ ఊపులో నోరు జారి ఒక్క అంకైనా చెప్పేసేవాణ్ణమ్మా. అంతా తెలిసుండీ అంత నిబ్బరంగా ఎలా దాచావు?”

అటు కోటు బొత్తాలు పెట్టుకుంటున్న ఎడ్నా వైపు ఓ చూపు చూసి, డెల్లా గొంతు తగ్గించింది.

“నేనేం దాచలేదండీ బాబూ! ఆర్నెల్లుగా అడుగుతున్నా, ఆవిడ నాకూ చెప్పలేదు.”