సలహా సంఘానికి దొరికిన మొదటి కేసు

సంగమ్మ లోపలికి రాగానే సలహా సంఘం వాళ్లంతా కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు.

కులం, తిండి, యాస అడగకుండా మొయినాబాద్‌లో అందరికీ కిరాయికి ఇళ్లు దొరకాలని, ఊరివాళ్లూ కొత్తగా వచ్చినవాళ్లూ కలిసిమెలిసి ఉండాలని పెట్టిన సంఘం అది. పెట్టి మూడు నెలలైంది. బ్యానర్ కట్టారు. ఫొటోలు దిగారు. సమస్యతో వచ్చిన మనిషి మాత్రం ఇన్నాళ్లకు ఈమే.

"చెప్పు చెల్లె," అన్నాడు బాలమల్లు. సురంగల్‌లో కూరగాయల వ్యాపారం ఆయనది. సంఘంలో ఊరివాళ్ల తరఫు మనిషి.

"మా ఇంటి ఓనర్ ఖాళీ చెయ్యమన్నడన్నా. నెలాఖరుకల్ల పోవాల్నంట. నా బిడ్డ ఈడ్నే ఇంటర్ చదువుతున్నది. మా ఆయన కాలేజి బస్సు నడుపుతడు. ఇప్పటికిప్పుడు ఏడికని పోవాలె?"

"ఎందుకు చెయ్యమన్నడు?"

"ఐతారం ఐతారం మేక బోటి కూర వండుతమని."

"గింతదానికేనా? ఎవడు వాడు? జర పేరు చెప్పు," బాలమల్లు చొక్కా చేతులు పైకి మడిచాడు.

సంగమ్మ ఎదురుగా కూర్చున్నవాళ్లందరినీ ఒకసారి కలియజూసింది. ఏమనుకుందో, కొంగు భుజం నిండా కప్పుకుంది.

"పేరెందుకన్నా. ముందుగాల నాకొక ఇల్లు సూపియ్యిండ్రి."

"బాగా చెప్పావమ్మా," అన్నాడు అధ్యక్షుడు శ్రీరామమూర్తి. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పెద్దమనిషి. "మనకు వ్యక్తులతో పని లేదండీ, సమస్యతోనే పని. ఈ కేసు నేనే స్వయంగా చూస్తాను."

మొదటి కేసు కదా, ఆయన హుషారు చూసి అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున్నే ఆయన కారు తీశాడు. బస్టాండ్ వెనక ఒక ఇల్లు చూపించాడు.

"నల్లా నీళ్లు సరిగ్గ రావంట సారూ," అంది సంగమ్మ.

చేవెళ్ల రోడ్డు మీద ఇంకొకటి చూపించాడు.

"బిడ్డకు కాలేజి దూరమైతది సారూ."

ఆయన విసుక్కోలేదు. పైగా కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆ మర్యాద సంగమ్మకు కొత్తగా ఉంది, బాగా కూడా ఉంది. అందుకే ఆమె తొందరపడలేదు.

మూడో ఇంటాయన గేటు సగమే తెరిచి, శాకాహారులకే ఇస్తానన్నాడు. శ్రీరామమూర్తికి ఒళ్లు మండింది.

"ఎవరింట్లో ఏం ఉడుకుతోందో మనకెందుకండీ? మీరు అద్దెకిచ్చేది గోడలా, ముక్కా? కూర వాసన చూసి మనిషిని కొలుస్తారా? ఇదేం సంస్కారం అండీ?" అని అక్కడే నిలబెట్టి అరగంట వాయించాడు. సంగమ్మ నోరు తెరుచుకుని విన్నది. సారు ఇంత బాగా మాట్లాడతాడని ఆమెకు తెలియదు.

ఇంటాయన మాత్రం ఆ సగం గేటు కూడా వేసేసుకున్నాడు.

నెలాఖరు దగ్గర పడింది. బిడ్డ పుస్తకాలు బియ్యం సంచుల్లోకి ఎక్కాయి. నల్లా సంగతి, దూరం సంగతి ఎత్తడం ఇక మానేయాలనుకుంది సంగమ్మ. ఆ రోజే సుగుణమ్మ ఇల్లు ఖాళీగా ఉందని తెలిసింది. ముసలావిడ కింద ఒక్కతే ఉంటుంది. పైన రెండు గదులు. నల్లా ఉంది. కాలేజీ నాలుగడుగులు.

సుగుణమ్మ వాళ్లను కూర్చోమనలేదు.

"గంత మంచోళ్లయితే ఆ ఓనర్ ఎందుకు ఎల్లగొట్టె?"

సంగమ్మ జవాబిచ్చేలోపే శ్రీరామమూర్తి అందుకున్నాడు.

"దాచేదేముందమ్మా. ఆదివారం బోటి వండుతారు. వాసన మెట్లు దిగి వస్తుంది, కాదనను. వాళ్ల మామగారు తెల్లారుజామున దగ్గుతాడు, వారం రోజుల్లో అలవాటైపోతుంది. రోట్లో కారం దంచితే మాత్రం ఇల్లు కాస్త అదురుతుంది. అద్దె ఒకటో తారీఖునే చేతిలో పెడతారు."

"గివన్ని మీకెట్ల ఎరుక?"

"సంఘం విచారణ చేసిందమ్మా," అని ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

సుగుణమ్మ సంగమ్మ వైపు తిరిగింది.

"బోటిల ఏమేస్తవే?"

"చింతచిగురు అవ్వా."

ముసలావిడ పెదాలు తడుపుకుంది.

"మొన్నటిదాంక సాఫ్ట్‌వేరోళ్లు ఉండిరి. ఏం తిన్నరో ఏమో, తలుపు తీసింది లేదు, పలకరిచ్చింది లేదు. నాకు పండ్లు లెవ్వు గని, ఒక గిన్నెడు షోర్వ పంపుతవా?"

"నువ్వు వద్దన్నా పంపుత అవ్వా."

"అయితే ఎల్లుండి మంచిగున్నది. పాలు పొంగియ్యి."

శ్రీరామమూర్తి సుగుణమ్మకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

ఆ ఆదివారం సంఘం సమావేశం పెట్టుకుంది. అధ్యక్షుడికి శాలువా కప్పారు. మెడలో బంతిపూల దండ వేశారు. సంగమ్మను ముందు వరసలో కూర్చోబెట్టారు. బాలమల్లు మైకు పట్టుకున్నాడు.

"చెల్లె, ఇల్లయితే దొరికె. ఇగ ఆ పాత ఓనర్ పేరు చెప్పు. అందరం పోయి వాని గేటుకే ఈ బ్యానర్ కట్టొద్దాం."

"పోనీలేవయ్యా బాలమల్లూ, పెద్ద మనసు చేసుకుందాం," అన్నాడు శ్రీరామమూర్తి, దండ సర్దుకుంటూ. "సంగమ్మకు కూర వండుకునే వేళైంది, పంపించండి."

"అవును సారూ, నేను పోవాలె," అంటూ సంగమ్మ లేచింది. వేదిక దగ్గరికి నడిచి, కొంగు ముడి విప్పి, తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టి, "మీ పై పోర్షన్ మంచిగ కడిగిపెట్టిన, పొయ్యి కాడ గోడకు మాత్రం జర సున్నమేయించుకోండ్రి సారూ" అంది.