కిటికీ పక్క బల్ల

"ఆగు, ఆగు! అక్కడే" అని తనకు తానే చెప్పుకుని ఆమె తెర మీది బొమ్మను నిలిపింది.

నలభై ఏళ్ల నాటి సినిమా. ఒకరికి తెలియకుండా ఒకరు, ఆయన ప్రియురాలితో, ఆవిడ ప్రియుడితో ఒకే హోటల్‌కు వచ్చిపడిన మొగుడూ పెళ్లాల కథ. చివర్లో మొగుడు చచ్చిపోయినా జనం నవ్వుతూనే ఉంటారు. మళ్లీ విడుదల చేస్తున్నారు కనుక, గీతలూ మరకలూ తుడిచి ఒక్కో బొమ్మనూ కడిగిన ముత్యంలా చేయడం ఆమె ఉద్యోగం.

ఇవాళ తుడిచిన మరక కింద నాన్న బయటపడ్డాడు.

హోటల్ సీనులో, కిటికీ పక్క బల్ల దగ్గర. జూనియర్ ఆర్టిస్టులు దండగని అప్పట్లో హోటల్‌కు వచ్చినవాళ్లనే పెట్టి తీసేశారట. నాన్న ఎవరో అమ్మాయి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆ అమ్మాయి అమ్మ కాదు. రీలు డబ్బా మీద తేదీ చూసింది. అప్పటికి అమ్మానాన్నల పెళ్లయి మూడేళ్లు. ఇంట్లో నోట్లో నాలుక లేని నాన్నేనా ఈయన!

ఆమెకు కాలు నిలవలేదు. కిటికీ తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. ఇంతలో ఫోన్ మోగింది. అమ్మే.

"ఆదివారం ఆటకి మేమిద్దరం వస్తున్నామే. మీ నాన్న టికెట్లు కూడా తెచ్చేశారు. అన్నట్టు, ఆ హోటల్ సీను ఉంచారా?"

"ఉందమ్మా. ఎందుకు?"

"ఊరికే. అప్పట్లో అంతా మసకే కదా. ఇప్పుడు వెనక కూర్చున్నవాళ్ల ముఖాలు కూడా తెలుస్తాయా?"

అమ్మకు అనుమానం ఉందన్నమాట! ఇన్నేళ్లూ కడుపులో దాచుకుని, ఇప్పుడు కళ్లారా చూసి తేల్చుకోవడానికి వస్తోంది. ఈ వయసులో వాళ్లిద్దరూ విడిపోతే? నాన్న మీద కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"తెలియవులే అమ్మా" అంది.

ఫోన్ పెట్టేసి, బొమ్మను కాస్త పెద్దది చేసి పక్కకు జరిపింది. కిటికీ బల్ల అంచు దాటి మాయమైంది. స్తంభం పక్కనున్న జంట మధ్యలోకి వచ్చింది. తలకు స్కార్ఫు, పెద్ద నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఆవిడ. ఆవిడకు ఐస్‌క్రీమ్ తినిపిస్తున్న మీసాలాయన. ముచ్చటగా ఉన్నారనుకుని ఆవిడ చెంప మీది గీతలన్నీ ఓపికగా తుడిచింది.

"ఫ్రేము జరిగినట్టుందే?" అన్నాడు సాయంత్రం ఆమె పై అధికారి.

"అంచు పాడైపోయింది సార్, నేనేం చెయ్యలేదు" అంది, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

ఆదివారం హాల్లో అటు అమ్మ, ఇటు నాన్న, మధ్యలో ఆమె. హోటల్ సీను రాగానే అందరూ పగలబడి నవ్వారు. అమ్మ నవ్వలేదు. నాన్న కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని, కుర్చీలో ముందుకు వంగి మరీ చూస్తున్నాడు. తన బల్ల కోసం వెతుక్కుంటున్నాడు పాపం, అనుకుంది. సీను అయిపోయింది. ఓ కాపురం నిలబెట్టానని ఆమె ఊపిరి పీల్చుకుంది.

అమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, చెవి దగ్గరకు వంగింది.

"మీ నాన్నని దాచావు సరే, నన్నెందుకే మధ్యలో కూర్చోబెట్టావు?"